పాత లారీలో చలి: క్యాబిన్‌కు వేడి చాలనప్పుడు కారణం కనుగొనే విధానం

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ ఉత్సవాలలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో భాషను గురించి, సంస్కృతిని గురించి ప్రసంగాలు వినడం అలవాటైన వారికి లారీ హీటర్ అనే విషయం వింతగా తోచవచ్చు. అయితే వేమగల్ హోబళిలో లారీతో ఏదో ఒక సంబంధం ఉన్న కుటుంబాలు తక్కువేమీ కావు. కోలారు టమాటా మార్కెట్టు ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా పేరు పొందినది. అక్కడ పెట్టెలు నిండిన లారీ వేమగల్ డ్రైవరు చేతిలో చిక్కబళ్ళాపురం మీదుగా 44వ జాతీయ రహదారిని అందుకొని, అనంతపురం, కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు దాటి ఉత్తరానికి సాగిపోతుంది. బయలుదేరిన చోట పల్చటి చొక్కా చాలు. మూడవ రాత్రి సివనీ, సాగర్ దాటి ఝాన్సీ చేరేసరికి, అది పుష్యమాసమైతే, రెండు కంబళ్ళు కప్పుకున్నా స్టీరింగు పట్టిన వేళ్ళు కొంకర్లు పోతాయి. ముందు అద్దం లోపలి వైపు ఆవిరి కమ్ముకుంటుంది, బయట పొగమంచు ఉంటుంది. అప్పుడు డ్రైవరు హీటర్ మీట లాగుతాడు. ఫ్యాను మోత వినిపిస్తుంది గాని వేడి రాదు.

ఈ ప్రసంగ విషయం అదే. వేడి ఎందుకు రాలేదు? కారణం కనుగొనడానికి ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి?

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. చాలాకాలం ఈ దేశపు లారీలలో అనేకం కర్మాగారం నుండి క్యాబిన్ లేకుండానే వచ్చేవి. ఛాసిస్ వచ్చేది, క్యాబిన్‌ను బాడీ షెడ్డులోని వడ్రంగి కర్రతో, రేకుతో కట్టేవాడు. అటువంటి బండిలో హీటర్ అన్న మాటే ఉండేది కాదు. డ్రైవరు పక్కన ఉబ్బెత్తుగా ఉన్న ఇంజన్ మూతే చలికాలంలో కుంపటి, ఎండాకాలంలో శిక్ష. కర్మాగారంలోనే క్యాబిన్ కట్టి పంపే బండ్లు పెరిగిన తరువాతనే హీటర్ అనేది సామాన్యుడి లారీలోకి వచ్చింది. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యరకపు, భారీ సరుకు వాహనాల క్యాబిన్‌లో ఏ.సి. తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ఉత్తర్వు వెలువరించింది. ఆ కొత్త బండ్ల సంగతి వేరు. ఇక్కడ చెప్పబోయేది హీటర్ ఉండి కూడా పదిహేనేళ్ళుగా ఎవరూ పట్టించుకోని పాత బండిని గురించి.

లారీ హీటర్ స్వయంగా వేడిని పుట్టించదు. ఇంజన్ వద్దనుకున్న వేడిని అది అరువు తెచ్చుకుంటుంది. డీజిల్ మండినప్పుడు పుట్టిన శక్తిలో స్థూలంగా మూడవ వంతు పై చిలుకు మాత్రమే చక్రాలను తిప్పే పనికి అందుతుంది. తక్కినది పొగగొట్టం ద్వారా కొంత, ఇంజన్ చుట్టూ తిరిగే నీటి ద్వారా కొంత బయటికి పోతుంది. ఆ నీటిలో ఒక పాయ సన్నని రబ్బరు గొట్టం గుండా క్యాబిన్ లోపల ఉన్న చిన్న రేడియేటర్‌కు వస్తుంది. దానిని హీటర్ కోర్ అంటారు. ఫ్యాను ఆ కోర్ మీదుగా గాలిని తోస్తుంది. వేడెక్కిన గాలి కాళ్ళకు, అద్దానికి చేరుతుంది. చల్లబడిన నీరు మరొక గొట్టం గుండా పంపు వైపు తిరిగిపోతుంది. కాబట్టి క్యాబిన్‌లో వేడి చాలలేదంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి. ఇంజన్ నీరే వేడెక్కలేదు, లేదా వేడెక్కిన నీరు కోర్ దాకా రాలేదు, లేదా కోర్ వేడెక్కినా గాలి దానిని మోసుకొని రాలేదు. ఏ షెడ్డులోనైనా ఈ మూడు ప్రశ్నలను ఈ వరుసలోనే అడగాలి. వరుస తప్పి ముందే డాష్‌బోర్డు ఊడదీసిన వారికి సాయంత్రానికి మిగిలేది ఒక డబ్బా నిండా స్క్రూలు.

డీజిల్ ఇంజన్‌కు ఒక స్వభావం ఉన్నది. పెట్రోలు ఇంజన్‌లో ఇంధనంతోపాటు గాలిని కూడా తగ్గించి లోపలికి పంపుతారు. పాత డీజిల్‌లో గాలికి అడ్డులేదు, ఇంధనం మాత్రమే తగ్గుతుంది. అందువలన బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కొద్దిపాటి డీజిల్ మండుతుంది, విస్తారమైన చల్లగాలి సిలిండర్లలో నుండి వచ్చి పోతుంది. గంటసేపు అలా వదిలినా నీరు తగినంత వేడెక్కకపోవచ్చు, వేడెక్కిన నీరు చల్లబడనూవచ్చు. ఢాబా దగ్గర ఇంజన్ ఆపకుండా పడుకొని, వేడి రాలేదని హీటర్‌ను నిందించడం న్యాయం కాదు. బరువుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు కూడా వేడి రాకపోతే అప్పుడు అది లోపమే.

ఇక పరీక్షకు వస్తే, మొట్టమొదట చూడవలసింది నీటి మట్టం. ఇది చిన్నపిల్లల మాటగా కనిపిస్తుంది గాని, ఇక్కడ ఒక మోసం దాగి ఉన్నది. హీటర్ కోర్ చాలా బండ్లలో నీటి వ్యవస్థకు పై భాగంలో ఉంటుంది. నీరు కొంచెం తగ్గగానే ముందుగా ఎండిపోయేది అదే. క్యాబిన్‌లో వేడి తగ్గినదంటే ఇంజన్ చల్లగా ఉన్నదని డ్రైవరు అనుకుంటాడు. మీటరు ముల్లు కూడా కొన్నిసార్లు అతడి మాటకే తాళం వేస్తుంది. ఏలనగా ఉష్ణోగ్రతను కొలిచే సెండర్ నీటిలో మునిగి ఉంటేనే సరిగా చెప్పగలదు. నీరు దాని కిందికి దిగిపోతే అది ఆవిరిలోనో ఉత్త గాలిలోనో వేలాడుతూ తక్కువ అంకెనే చూపవచ్చు. లోపల హెడ్డు కాలిపోతూ ఉంటుంది, పైన ముల్లు చల్లగా ఉన్నదని చెబుతుంది. హీటర్ చల్లబడటం, ముల్లు పడిపోవడం రెండూ ఒకేసారి హఠాత్తుగా జరిగితే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపడమే మొదటి పని.

రేడియేటర్ మూత ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతనే తీయాలి. భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలకు కారణం తెలుసు. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కోలారు ప్రాంతంలో నీరు వంద డిగ్రీల దగ్గర కాక సుమారు 97 డిగ్రీల దగ్గరనే మరుగుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలిపి ఆ మరుగు స్థానాన్ని పైకి జరుపుతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా ద్రవంగా ఉన్న నీరు క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

నీరు నిండుగా ఉన్నది, అయినా వేడి లేదు. అప్పుడు చూడవలసినది థర్మోస్టాట్. ఈ ప్రసంగంలో ఎక్కువ సమయం దీనికే కేటాయించడానికి కారణం ఉన్నది.

థర్మోస్టాట్ అంటే ఇంజన్‌కు, రేడియేటర్‌కు నడుమ ఉన్న ఒక చిన్న తలుపు. దాని పొట్టలో ప్రత్యేకమైన మైనం ఉంటుంది. నీరు చల్లగా ఉన్నంతసేపు తలుపు మూసి ఉంటుంది. నీరు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలో ఇంజన్‌లోనే తిరుగుతూ త్వరగా వేడెక్కుతుంది. సుమారు 80 డిగ్రీలు రాగానే మైనం కరిగి వ్యాకోచించి తలుపును తోస్తుంది. అప్పుడు మాత్రమే నీరు రేడియేటర్‌కు వెళ్ళి చల్లబడి వస్తుంది. విద్యుత్తు లేదు, మీటలు లేవు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత నమ్మకంగా పనిచేసే పరికరాలు బండిలో బహుకొద్ది.

అటువంటి దానిని దక్షిణాదిన అనేక షెడ్లలో ఊడబెరికి పారవేస్తారు. వేసవిలో ఇంజన్ కాగినప్పుడు మొదటి అనుమానం దాని మీదనే. తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది గదా అన్నది వాదం. షెడ్డులో వినబడే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది:

"ఏమన్నా, హీటరు వేస్తే వేడే రాదు?"

"ఇంజన్ చల్లగా ఉందంటే సంతోషపడప్పా. ఎండాకాలంలో ఏడ్చింది మర్చిపోతివా?"

ఈ మెకానిక్‌ను ఎగతాళి చేయడం సులభం. అతడి భయానికి మూలం ఈ నేల. వేడి అంటే ఈ జిల్లాలో ఎప్పుడూ తరిమివేయవలసిన శత్రువే. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత లోతున రాతి వేడిమిని తట్టుకోవడానికి గాలిని చల్లబరచి కిందికి పంపవలసి వచ్చింది. అటువంటి చోట ఇంజన్‌కు కూడా ఒక కనీసపు వేడి అవసరమని చెబితే నమ్మబుద్ధి కాదు.

నిజానికి థర్మోస్టాట్ లేని ఇంజన్‌లో నీరు మొదటి నిమిషం నుండే రేడియేటర్‌కు పోతుంది. చలికాలపు రహదారి మీద ఎదురుగాలికి అది నలభై, యాభై డిగ్రీల దగ్గరనే ఆగిపోవచ్చు. హీటర్‌కు అందేది ఆ గోరువెచ్చని నీరే. నష్టం క్యాబిన్‌తో ఆగదు. చల్లని సిలిండరు గోడలకు తగిలిన డీజిల్ పూర్తిగా మండదు, తెల్లపొగగా కొంత పోతుంది. గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కొంత కలిసి దాని చిక్కదనాన్ని చెడగొడుతుంది. మండుటలో పుట్టిన నీటి ఆవిరి చల్లని గోడల మీద తేమగా మారి, డీజిల్‌లోని గంధకపు వాయువులతో కలిసి ఆమ్లమై లైనర్లను తింటుంది. 2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల వంతులలో పది వంతులకు తగ్గినందున ఆమ్లపు బాధ చాలావరకు తగ్గింది గాని, డీజిల్ ఆయిల్‌లో కలవడం తగ్గలేదు. మరొక విచిత్రమేమంటే, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని అడుగు భాగం బైపాస్ దారిని మూసివేస్తుంది. అటువంటి దానిని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీటిలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. అనగా ఇంజన్ కాగుతుందని థర్మోస్టాట్ తీసిన బండి చలిలో చల్లబడి, మండుటెండలో బరువుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు మునుపటికంటే ఎక్కువ కాగుతుంది.

థర్మోస్టాట్ పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి దానిని ఊడదీయనవసరం లేదు. తెల్లవారుజామున చల్లని ఇంజన్‌ను స్టార్టు చేసి రేడియేటర్ పై హోస్ మీద చేయి ఉంచాలి. ఫ్యానుకు, బెల్టుకు దూరంగా, తువ్వాలు కొసలు వేలాడకుండా నిలబడటం అన్నిటికంటే ముఖ్యం. ముల్లు కదలడం మొదలుపెట్టి సగం దూరం వచ్చేవరకు ఆ హోస్ చల్లగానే ఉండాలి. ఆ తరువాత కొద్దిసేపటిలోనే చేయి పెట్టలేనంత వేడెక్కాలి. అట్లు కాక ఇంజన్‌తోపాటే హోస్ కూడా మెల్లమెల్లగా వెచ్చబడితే తలుపు తెరిచే ఉండిపోయిందని, లేదా అసలు తలుపే లేదని అర్థం. ఇప్పుడు చవకగా దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే చేయి కాల్చుకునే పని కూడా లేదు.

అనుమానం తీరకపోతే ఊడదీసి పరీక్షించవచ్చు. ఇది బడి ప్రయోగశాలలోనైనా చేయదగినది. గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు ఉంచి వేడిచేయాలి. రెండూ గిన్నె అడుగును తాకరాదు, అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది. థర్మోస్టాట్ అంచు మీద 82 అనో మరొకటో అంకె ముద్రించి ఉంటుంది. దాని దగ్గర తలుపు విడివడటం మొదలై, మరి పది పదిహేను డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. 82 ముద్ర ఉన్నది కోలారు ఎత్తులో నీరు మరిగేలోపు ఆ చివరి అంచుకు చేరుతుంది గనుక ప్రయోగం ఇక్కడ కూడా సాగుతుంది. కొత్తది బిగించేటప్పుడు మైనపు పొట్ట ఇంజన్ వైపు ఉండాలి. అంచున చిన్న రంధ్రంలో ఊగే పిన్ను ఉంటే అది పైకి రావాలి. గాలి తప్పించుకొనే దారి అదే.

థర్మోస్టాట్ సరిగా ఉండి కూడా ఇంజన్ వేడెక్కకపోతే ఫ్యానును చూడాలి. వేడినిబట్టి తగులుకొని విడిపోయే క్లచ్ ఉన్న ఫ్యాను, ఆ క్లచ్ బిగుసుకుపోతే ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూ నీటిని అతిగా చల్లారుస్తుంది. ఉత్తరాది డ్రైవర్లు చలికాలంలో రేడియేటర్ ముందు అట్టనో గోనెసంచినో కట్టడం అందరూ చూసినదే. అది తాత్కాలికంగా పనికొస్తుంది గాని, ముల్లు మీద కన్ను ఉంచి, ఎండ రాగానే విప్పేవారికే పనికొస్తుంది.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇంజన్ నీరు వేడిగానే ఉన్నది, అది కోర్‌కు చేరుతున్నదా? క్యాబిన్ అడుగున లోపలికి పోయే రెండు హీటర్ గొట్టాలు దీనికి సాక్షులు. ఇంజన్ బాగా వేడెక్కి, హీటర్ మీట పూర్తిగా తెరిచి, ఫ్యాను వేసి రెండింటినీ కొలవాలి. రెండూ వేడిగా, తేడా పది పదిహేను డిగ్రీలకు మించకుండా ఉంటే నీరు తన పని తాను చేస్తున్నది, లోపం గాలి వైపు ఉన్నది. ఒకటి కాలుతూ మరొకటి చల్లగా ఉంటే నీరు దారిలో ఎక్కడో ఆగిపోయింది. రెండూ గోరువెచ్చగా ఉంటే మళ్ళీ మొదటి ప్రశ్నకు తిరిగి వెళ్ళాలి, లేదా పంపు నీటిని బలంగా తోయడం లేదని అనుమానించాలి. లోపలి రెక్కలు తుప్పుపట్టి అరిగిన పంపు బయటికి నిక్షేపంగా కనిపిస్తుంది. ఇంజన్ వేగం పెంచినప్పుడు మాత్రం వేడి వచ్చి, తగ్గించగానే పోతే ఆ పంపును గాని, నీటి కొరతను గాని వెదకాలి.

నీరు ఆగిపోవడానికి చాలా సామాన్యమైన కారణం హీటర్ వాల్వు. దక్షిణాది బండిలో ఆ మీటను ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోరు. వాల్వు మూసిన చోటనే బిగుసుకుపోతుంది. మీట లాగితే తీగ వంగుతుంది గాని వాల్వు కదలదు. లోపల కూర్చున్నవాడికి మీట కదిలిన తృప్తి మాత్రం మిగులుతుంది. ఇంతకంటే విడ్డూరం కూడా ఉన్నది. వేసవిలో క్యాబిన్‌లోకి వేడి రాకూడదని ఎవరో పుణ్యాత్ముడు రెండు గొట్టాలనూ ఊడదీసి, ఇంజన్ దగ్గరనే ఒకదానితో ఒకటి కలిపి ఉంటాడు. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. బండి చేతులు మారుతుంది. కొత్త యజమాని హీటర్ కోర్ కొనడానికి బెంగళూరు జె.సి. రోడ్డులోని విడిభాగాల అంగళ్ళ చుట్టూ తిరుగుతాడు. గొట్టాలను కంటితో వెంబడించడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

వాల్వు తెరిచే ఉన్నది, అయినా ఒక గొట్టం చల్లగా ఉన్నదంటే కోర్ పూడుకుపోయింది. దీనికి మూలం వెదకుతూ పోతే జిల్లా భూగర్భానికే చేరవలసి వస్తుంది. నిండుగా పారే జీవనది లేని కోలారు జిల్లా ఏళ్ళ తరబడి బోరుబావుల మీద బతికింది. ఆ బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. అంత లోతునుండి వచ్చే నీటిలో సున్నపు లవణాలు అధికం. ఫ్లోరైడు బాధ అందరికీ తెలిసినదే. ఆ నీటిని కాచిన పాత్రలో అడుగున తెల్లని పొర కట్టడం ప్రతి వంటింటిలోనూ కనిపిస్తుంది. అదే నీరు రేడియేటర్‌లో రోజూ కాగుతుంటే అదే పొర ఇంజన్ లోపల, రేడియేటర్ గొట్టాలలో, అన్నిటికంటే సన్నదైన హీటర్ కోర్‌లో కడుతుంది. సున్నపు పొర ఇనుముకంటే ఎన్నో రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. అందుచేత లోపల ఇంజన్ కాగుతుంది, బయట హీటర్ చల్లబడుతుంది. ఒకే నీరు రెండు వైపులా నష్టం చేస్తుంది. ఆ కాగుడు చూసి మెకానిక్ థర్మోస్టాట్ తీసేస్తాడు. బోరునీటి తప్పుకు శిక్ష థర్మోస్టాట్‌కు పడుతున్నది.

పూడిన కోర్‌ను కడగడానికి రెండు గొట్టాలనూ ఇంజన్ దగ్గర విప్పి, నీరు బయటికి వచ్చే వైపు నుండి, అనగా వాడుకకు ఎదురు దిశలో, తోట పైపు ఒత్తిడితో మంచినీటిని పంపాలి. మొదట తుప్పురంగు బురద వస్తుంది, తేటపడేవరకు కొనసాగించాలి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరును దీనికి తగిలిస్తే కోర్ అతుకులు విడిపోవడం ఖాయం. బాత్రూములు కడిగే ఆమ్లం పోయడం కూడా ఉన్నది. అది సున్నంతోపాటు అల్యూమినియాన్ని, టంకాన్ని తింటుంది. రేడియేటర్లకని అమ్మే ద్రావణం వాడి, తరువాత పుష్కలంగా కడగడమే క్షేమం. క్యాబిన్‌లో నేల మీది చాప తడిగా ఉండి, తీపివాసన వేస్తూ, అద్దం మీద జిడ్డు ఆవిరి చేరుతుంటే కోర్ కారుతున్నట్లే. దానిని కడగడం వృథా, మార్చవలసిందే.

కడిగిన వ్యవస్థలో మళ్ళీ బోరునీరే పోస్తే చేసిన పని రెండేళ్ళలో మొదటికి వస్తుంది. లవణాలు తీసిన నీటిలో సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ కలపడం సరైన పద్ధతి. ఇందులో తుప్పును ఆపే మందులు ఉంటాయి. అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉన్నది. ఉత్త నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. వేమగల్ నీటితోనే కాశ్మీరానికో హిమాచల్‌కో పోయిన బండిని రాత్రి ఆపి పడుకుంటే తెల్లవారేసరికి ఇంజన్ బ్లాకు పగలవచ్చు. సగపాలు గ్లైకాల్ కలిపిన నీరు సున్నకు ముప్పై డిగ్రీలు దిగువకు పోయినా గడ్డకట్టదు. అయితే ఆ ద్రవం తియ్యని విషం. పసిపిల్లలకు, కుక్కలకు అందేలా మూకుడులో వదిలివేయరాదు.

మరొక అడ్డంకి గాలి బుడగ. నీళ్ళు మార్చిన తరువాత హీటర్ పనిచేయడం మానివేసిందంటే ముందు దీనినే అనుమానించాలి. బండి ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ మీట తెరిచి, చల్లని స్థితిలోనే మూత తీసి నీరు నింపి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతూ బుడగలు ఆగేవరకు కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. బిగింపు బోల్టు ఉంటే దానిని వదులుచేసి గాలి పోనివ్వాలి. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే, రోజూ నీరు తరిగిపోతుంటే, వేడి వస్తూ పోతూ దోబూచులాడుతుంటే అది మామూలు గాలి కాదు. హెడ్ గ్యాస్కెట్ తెగి సిలిండరులోని వాయువు నీటిలోకి వస్తున్నది. ఇంజన్‌కు రాబోయే పెద్దజబ్బును హీటరే ముందుగా చెబుతుంది.

మూడవ ప్రశ్నను త్వరగా ముగించవచ్చు. ఫ్యాను ఫ్యూజు, వైరింగు, గాలి దారిలోని తలుపులు, దుమ్ముతోను ఎండుటాకులతోను నిండిన కోర్ ముఖం చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఒక్క చమత్కారం చెప్పదగినది. మోటారు మార్చినప్పుడు రెండు తీగలు తారుమారైతే ఫ్యాను వెనక్కు తిరుగుతుంది. ఉడుత చక్రం వంటి ఆ బ్లోయరు వెనక్కు తిరిగినా గాలిని ముందు వైపుకే, కాని చాలా బలహీనంగా తోస్తుంది. మోత యథాతథంగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. తలుపుల రబ్బర్లు, గేరు రాడ్డు చుట్టూ ఉన్న సంచి చిరిగిపోయి ఉంటే ఎంత మంచి హీటరైనా రహదారిని వెచ్చబరచవలసిందే.

నీరే లేని ఇంజన్లు కూడా ఉన్నాయని పిల్లలు గుర్తుంచుకోవచ్చు. 1964లో ఏర్పడి కె.జి.ఎఫ్.లో పెద్ద కర్మాగారం నడుపుతున్న బి.ఇ.ఎమ్.ఎల్. సంస్థ సైన్యానికి అందించిన టాట్రా ట్రక్కుల ఇంజన్లు గాలితో చల్లబడేవి. అటువంటి వాటిలో పైన చెప్పిన గొట్టాల పరీక్ష చెల్లదు. వేమగల్‌లోనే ఎయిర్‌బస్ హెచ్125 హెలికాప్టర్ల తుది కూర్పు జరుగుతుందని 2025లో ప్రకటించారు. ఆ కర్మాగారంలో చేరాలనుకునే పిల్లలు కూడా ఏది ముందు కొలవాలి, ఏది తరువాత విప్పాలి అన్న ఈ అభ్యాసాన్ని లారీ దగ్గర మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు.

చివరగా, ఇంత శ్రమ ఒక డ్రైవరు కాళ్ళు వెచ్చబడటానికేనా అని అడిగేవారు ఉంటారు. హీటర్ పనిచేయని క్యాబిన్‌లో చలికి తాళలేక డ్రైవరు, క్లీనరు ఏమి చేస్తారో ఉత్తరాది రహదారుల మీద తిరిగినవారికి తెలుసు. ఇనుప బొచ్చెలో బొగ్గులు రాజేసి లోపల పెట్టుకొని, అద్దాలు ఎత్తి పడుకుంటారు. కొందరు వంట స్టవ్వునే వెలిగిస్తారు. గాలి ఆడని చోట బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత మగత. నిద్రపోతున్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు. చలిరాత్రులలో ఇలా మూసిన గదులలో, క్యాబిన్లలో మరణించినవారి వార్తలు ఉత్తరాది పత్రికలలో ఏటా కనిపిస్తూనే ఉంటాయి. క్యాబిన్ కింద పొగగొట్టం అతుకు విడిపోయి ఉంటే ఏ కుంపటీ లేకుండానే పొగ లోపలికి వస్తుంది. కనుక గొట్టాలను పరీక్షించే రోజే దానిని కూడా చూడాలి.

కాబట్టి కార్తీకం వెళ్ళేలోగా, ఉత్తరాది లోడు పట్టకముందే, బండిని ఒక తెల్లవారుజామున ఇంటి ముందు స్టార్టు చేసి నీటి మట్టం, పై హోస్, రెండు హీటర్ గొట్టాలు, ఈ వరుసలో చూడటానికి అరగంట చాలు. సరి అయిన హీటర్‌లో, ఇంజన్ పూర్తిగా వేడెక్కి బండి నడుస్తున్నప్పుడు, కాళ్ళ దగ్గర వచ్చే గాలి సుమారు యాభై డిగ్రీలకు తగ్గరాదు. ఆ అంకెను, థర్మోస్టాట్ మార్చిన తేదీని, కూలెంట్ పోసిన తేదీని బండి పుస్తకంలో రాసి ఉంచితే తరువాత ఆ మూత తీసే మెకానిక్‌కు వెదుకులాట తప్పుతుంది.